తల్లులకు వ్రాసిన వైద్యము: కరీంనగరము, ఆదిలాబాదు మండలముల భాషావృత్తాంతము

వైద్యవాఙ్మయము రెండు తెఱఁగులుగా నున్నది. వైద్యుని కొఱకు వ్రాసినది యొకటి. రోగి చెంతఁ గూర్చుండువారి కొఱకు వ్రాసినది వేఱొకటి. మొదటిది మన భాషలోఁ బ్రాఁతది. బసవరాజీయమువంటి గ్రంథములు సంస్కృతశ్లోకములకుఁ దెలుఁగు తాత్పర్యమును జేర్చి, శాస్త్రపరిచయము గలవానికిఁ జదువఁదగినవిగా నేర్పడినవి. రెండవది పుట్టి నూటయేఁబది సంవత్సరములైన నింకను నిండలేదు. అందును బసిబిడ్డల తల్లులకును, వారిని సాఁకు నవ్వలకును ఉద్దేశింపఁబడిన చిన్నపొత్తములకు సాహిత్యచరిత్రములలోఁ జోటు దొరకుట మిక్కిలి యరుదు. అవి కావ్యములు కావు. వానియందు రసమును వెదకువాఁడు నిరాశుఁడగును. కాని భాష యేమి చేయఁగలదు, ఏమి చేయఁజాలదు అను ప్రశ్నకు వానికంటె గట్టి పరీక్ష వేఱొకటి లేదు. కావ్యవాక్యము బోధపడనిచో రసభంగ మగును. శిశువైద్యవాక్యము బోధపడనిచో బిడ్డ ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

ఈ పరీక్షకు నేను గ్రహించిన ప్రదేశము గోదావరికి రెండు గట్టుల నున్న రెండు పాత జిల్లాలు. దక్షిణమునఁ గరీంనగరము, ఉత్తరమున ఆదిలాబాదు. మొదటిది 1905 వఱకు ఎలగందల జిల్లా, రెండవది సిర్పూరు-తాండూరు. 2016 అక్టోబరు 11వ తేదీని ఇవి రెండును విభజింపఁబడి పెక్కు జిల్లాలైనవి. చరిత్ర చెప్పునప్పుడు పాతపేళ్లే యనుకూలములు గావున వానినే వాడుచున్నాను. ఈ సీమలోఁ దెలుఁగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, కొలామీ భాషలు ప్రక్కప్రక్కనే వినవచ్చును. ఒక్క వైద్యవాక్యము తల్లి చెవిఁ జేరుటకు ఎన్ని గడపలు దాఁటవలెనో తెలిసికొనుటకు ఇది తగిన తావు.

తెలుఁగున స్త్రీల కొఱకు ఆరోగ్యవిషయములు వ్రాసినవారిలోఁ గందుకూరి వీరేశలింగము పంతులుగారిని ముందుగాఁ బేర్కొనవలెను. 1883లో వారు స్త్రీల కొఱకు సతీహితబోధిని యను పత్రికను నెలకొల్పిరి. దేహారోగ్యధర్మబోధిని యను పొత్తమును రచించిరి. పంతులుగారు సులభవచనమునకై పాటుపడినవారే. ఐనను ఆ సులభత బడికిఁ బోయిన బాలికకు సులభత. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావుగారలు దీనికిఁ బ్రాపు. చరిత్రములతోఁబాటు శాస్త్రగ్రంథములను గూడ మండలి ప్రకటించినది. అందు ఆచంట లక్ష్మీపతిగారి అంటువ్యాధులు ముఖ్యమైనది. పాశ్చాత్యవైద్యము నభ్యసించి యాయుర్వేదమునకుఁ బాటుపడిన యీ వైద్యుఁడు సూక్ష్మజీవుల స్వభావమును, వ్యాధులు వ్యాపించు త్రోవలను, వాని నరికట్టు విధములను సామాన్యపాఠకునికిఁ జెప్పఁబూనెను. ఇట్టి ప్రయత్నము నాఁటికి సాహసమే. కాని మండలి పుట్టినది హైదరాబాదున నయ్యును, కొలఁదికాలములోనే చెన్నపట్టణమునకుఁ దరలిపోయినది.

నిజాము రాజ్యమునఁ బరిస్థితి వేఱు. 1846లో హైదరాబాదున నెలకొల్పఁబడిన వైద్యపాఠశాలలో బోధన ఉర్దూ భాషలో నారంభమైనది. 1918లో స్థాపింపఁబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును ఉర్దూయే బోధనభాష. దాని యనువాదశాఖ పాశ్చాత్యశాస్త్రములను ఉర్దూలోనికిఁ దెచ్చుటకుఁ జేసిన కృషి యే దేశభాషకైనను గర్వకారణము. దానిని దక్కువ చేయుట నా యుద్దేశము కాదు. కాని సిరిసిల్లలో మగ్గము ప్రక్కనుండు నింటి యిల్లాలికి ఆ శాస్త్రము అందునా యనునదే ప్రశ్న. 1897 ఆగస్టు 20న సికిందరాబాదున రొనాల్డు రాసు దోమ కడుపున మలేరియా బీజమును గనుఁగొనెను. అచ్చటినుండి ఆదిలాబాదు అడవులు రెండువందల మైళ్లకు మించవు. చలిజ్వరమునకు దోమయే కారణ మను సంగతి సముద్రములు దాఁటి లండనునకుఁ జేరినంత వేగముగా ఆ రెండువందల మైళ్లు నడవలేదు.

భాషాభేదము ఎంత లోఁతైనదో యొక్క వ్యాధిపేరు చూచినఁ దెలియును. మన వైద్యగ్రంథములలో విషూచి యున్నది. పత్రికలు వాంతిభేది యని వ్రాసినవి. విద్యావంతులు కలరా యనిరి. ఉర్దూ నెఱిఁగినవారు హైజా యనిరి. కరీంనగరపుఁ బల్లెలో నీ నాలుగింటిలో నేదియుఁ గాదు. అక్కడ దానిపేరు గత్తర. ఊరు ఖాళీయగునట్టి పీడకు గత్తర లేచిన దని చెప్పుదురు. మనిషిని దిట్టుటకును ఆ మాటయే వాడుదురనఁగా దాని భయ మెంతగా నాటుకొన్నదో యూహింపవచ్చును. విషూచి రాకుండ నీటిని గాఁచి త్రాగుఁడని యెంత చక్కఁగా వ్రాసినను, గత్తరకు వెఱచు తల్లి ఆ వాక్యము తన్ను గూర్చినదని యెట్లు తెలిసికొనును?

ఇట్టి మాటలు మఱికొన్ని చూపెదను. జ్వరము వచ్చినదనుటకు ఇచ్చటి తల్లి పెయ్యి కాలుతున్నదనును. పెయ్యి యనఁగా దేహము. ఈ వాడుక యెఱుఁగని తీరప్రాంతపు వైద్యుఁడు పెయ్యదూడకు సుస్తీ చేసినదని తలఁచిన నాశ్చర్యము లేదు. గ్రంథములలోని పడిశము, పట్టణపు జలుబు ఇచ్చట సర్ది. అతిసారము బేదులు. ఆయాసము దమ్ము. మాత్ర గోలి. ఆసుపత్రి దవాఖానా. చంటిబిడ్డ సంటిపిల్ల. వీనిలోఁ గొన్ని ఉర్దూనుండి వచ్చినవి, కొన్ని యచ్చతెలుఁగువి. వీనిని గ్రామ్యములని యొకరు, అన్యదేశ్యములని వేఱొకరు త్రోసివేయుదురు. గ్రామ్యగ్రాంథికవాదములు కావ్యమునకుఁ జెల్లవచ్చును. ఆ చర్చను నే నిచ్చట నెత్తికొనను. మందు త్రాగించు వాక్యమునకు మాత్రము ప్రామాణికతను నిర్ణయించునది నిఘంటువు గాదు, బిడ్డ నొడిలోఁ బెట్టుకొన్న తల్లి.

1921లో ఆంధ్రజనసంఘము పుట్టిన పిమ్మటఁ దెలంగాణమునఁ దెలుఁగు అచ్చుకుఁ గొంత బలము వచ్చినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలువడినది. గ్రంథాలయములు లేచినవి, చిన్నపొత్తములు పంచిపెట్టఁబడినవి. ఆంధ్రమహాసభ నాలుగవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను సిరిసిల్లలోనే జరిగినది. మాతృభాషలో విద్య గఱపవలెనను కోరిక యీ సభలలో మరల మరల వినవచ్చినది. ఈ యుద్యమపు చిన్నపొత్తములలో వెట్టి, వర్తకము, పన్నులు ముందు నిలిచినవి, శిశుపోషణము వెనుకఁబడినది. ఇది నిందింపఁదగినది కాదు. వెట్టిలోనుండు తల్లికి వేళకుఁ బాలిచ్చు స్వాతంత్ర్యమే లేనప్పుడు పాలిచ్చు విధమును బోధించుట పరిహాసముగా నుండెడిది.

ఇంతలోఁ దీరమునను జెన్నపట్టణమునను స్త్రీల వాఙ్మయము పెరిగినది. వైద్యులైన కే. ఎన్. కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించిరి. లక్ష్మణరావుగారి కూఁతురు, స్వయముగాఁ బ్రసూతివైద్యురాలైన కొమఱ్ఱాజు అచ్చమాంబగారు ప్రసూతి, శిశుపోషణములను గూర్చి తెలుఁగునఁ బుస్తకము వ్రాసిరి. తండ్రి నడపిన గ్రంథమాల శాస్త్రమును దెలుఁగునకుఁ దేఁగా, కూఁతురు దానిని బురిటిగదికిఁ దెచ్చినది. పురుళ్లు పోసిన చేతితో వ్రాసినది గావున ఆమె గ్రంథమునకుఁ గల విలువ వేఱు. ఐనను చదువురాని తల్లికి ఆ పుస్తకమును జదివి చెప్పువా రొకరు కావలెను. అట్టివా రెవరు? ఆ ప్రశ్నకు సమాధానము కరీంనగరమునఁ గొంత, ఆదిలాబాదునఁ గొంత వేఱువేఱుగా దొరకినది.

ఆదిలాబాదున ముందుగా భాషయే మాఱవలసివచ్చెను. 1940లో కుమ్రం భీము మరణించిన పిమ్మట గోండుల స్థితిని విచారించుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియాదేశీయుఁడైన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫును నియోగించెను. ఆయనయు భార్య బెట్టీ ఎలిజబెత్తును మార్లవాయిలో గుడిసె వేసికొని గోండుల నడుమ నివసించిరి. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము నెలకొల్పఁబడినది. గోండీభాషలో వాచకములు దేవనాగరిలిపితో సిద్ధము చేయఁబడినవి. సేతుమాధవరావు పగడీగారు ఉద్యోగిగా నుండి గోండీని నేర్చి దానికి వ్యాకరణము వ్రాసిరి. ఇవి వైద్యగ్రంథములు కావు. కాని పిల్లవానికిఁ దన యింటి మాటతోనే మొదటి పాఠము చెప్పవలెనను సూత్రము తెలంగాణమున మొదట నమలైనది ఈ యడవిపల్లెలోనే. గిడుగు రామమూర్తి పంతులుగారు అంతకు ముందే సవరల భాషను నేర్చి వారి కొఱకు వాచకములు వ్రాసియుండిరి. మనలో వారి పేరు వ్యావహారికవాదమునకే ముడివడిపోయినది. ఈ సవరభాషాసేవను దలఁచువారు తక్కువ.

ఇఁక నొక పరదేశవృత్తాంతమును జెప్పవలెను. అది లేక పై సంగతుల ప్రయోజనము బోధపడదు. బంగ్లాదేశమున బ్రాక్ అను సంస్థ 1980 మొదలు పదియేండ్లు ఇల్లిల్లు తిరిగి, బేదులైన బిడ్డకుఁ ద్రాగింపవలసిన ద్రావకమును ఇంటనే చేయు విధమును గోటిమందికి మించిన తల్లులకు నేర్పినది. మూఁడువ్రేళ్లకు వచ్చినంత యుప్పు, పిడికెఁడు బెల్లము, అర శేరు నీరు. నేర్పిన స్త్రీకి జీతము ఆమె చెప్పిన పాఠములనుబట్టి కాక, నెల గడచిన పిమ్మటఁ దల్లికి జ్ఞాపకమున్న పాఠములనుబట్టి యియ్యఁబడినది. తల్లులు చక్కఁగానే జ్ఞాపకముంచుకొనిరి. కాని మొదట విచారింపఁగా, నేర్చినవారిలో వాడినవారు తక్కువ. కారణ మరయఁగా మాటయందే దొరకినది. ఆ పల్లెలలో బేదులకు నాలుగు పేళ్లు గలవు: పాలు త్రాగు బిడ్డకు వచ్చునది దూద్ హాగా, తిన్న దరుగనిది అజీర్ణ, జిగట పడునది ఆమాశ, నీళ్లవలెఁ బోయి ప్రాణము మీఁదికి వచ్చునది డాయేరియా. పాఠమున డాయేరియా యని చెప్పఁగాఁ దల్లులు ఆ నాలుగవదానికి మాత్రమే మందని గ్రహించిరి. తక్కిన మూటికి వాడలేదు. వారు పాఠమును దప్పుగా వినలేదు. విన్నదానిని దమ మాటలలో సరిగానే యర్థము చేసికొనిరి.

ఈ కథను గరీంనగరమునకుఁ దెచ్చి చూడుఁడు. గత్తరకును బేదులకును నడుమ దూరమెంత? అతిసారమని వ్రాసినఁ దల్లికిఁ దెలియదు. గత్తరయని చెప్పినచో ఊరు పాడగు నాఁడే వాడవలెనని యనుకొనును. పల్లు వచ్చునప్పటి బేదులు సహజములని కొందఱు తల్లులు మందే యియ్యరు. కావున వ్రాయువాఁడు ఒక పేరు వ్రాసి యూరకుండఁ గూడదు. బిడ్డకు నీళ్లవలె మూఁడుసారులకు మించి పోవుచున్నచో, పల్లు వచ్చుచున్నను సరే, పాలు త్రాగు బిడ్డయైనను సరే యని కంటికిఁ గనఁబడు గుఱుతును జెప్పవలెను.

కొలతలయందును ఇట్టి చిక్కే కలదు. పొట్లము దొరకనప్పుడు ఇంటఁ జేయు ద్రావకమునకు లీటరు నీటికి ఆఱు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా యుప్పు, రెండును అంచుకు సమముగాఁ దీసినవి, కొలతగా నిర్ణయింపఁబడినవి. సమముగా నను నొక్క పదము జాఱినచో ఉప్పు రెండింత లగును. ఉప్పు హెచ్చిన ద్రావకము బిడ్డకు మూర్ఛ తెప్పించును. మన పల్లెలలో సోల, తవ్వ, గిద్దె కొలతలుగా నుండెను. ఏ యింటి చెంచా యెంతయో చెప్పనలవి కాదు. ప్రభుత్వపుఁ బొట్లము మీఁద లీటరని యున్నను, ఇంటఁ బెద్దగిన్నెయే యుండును గాని లీటరుపాత్ర యుండదు. నేఁడు కొట్టులలో నమ్ము లీటరు నీళ్లసీసా యీ చిక్కును గొంత తీర్చినది. దాహమునకుఁ గొన్న సీసా వైద్యపుఁ గొలపాత్ర యగునని యెవరును దలఁచియుండరు. బేదులతోఁబాటు ఇచ్చు జింకుగోలి పదునాలుగు దినములు వేయవలెను. మూఁడవనాఁడే బేదులు కట్టును. తల్లి గోలి మానును. పదునాలుగు దినములు వేయుఁడనిన నది యాజ్ఞ మాత్రమే. బేదులు కట్టినను కడుపులోని పుండు మానలేదు, మఱల రాకుండుటకు మిగిలిన గోలీలు అని కారణమును జేర్చినచో ఆ వాక్యము పనిచేయును.

తెలుఁగున నీ మార్గమును దెఱచిన గ్రంథము మెక్సికో కొండలనుండి వచ్చినది. డేవిడ్ వెర్నర్ అచ్చటి పల్లెవాసుల కొఱకు 1973లో స్పానిషు భాషలో వెలువఱచిన పుస్తకమును, 1980లో నారంభమైన హైదరాబాదు బుక్ ట్రస్టు వైద్యుఁడు లేని చోట యను పేరఁ దెలుఁగు చేయించి ప్రకటించినది. అందుఁ బ్రతి విషయమునకును బొమ్మ గలదు. ఏది యింటఁ జేయవచ్చునో, ఎప్పుడు దవాఖానాకుఁ బరుగెత్తవలెనో వేఱుచేసి చెప్పఁబడినది. 1991లో స్త్రీల బృందము కూర్చిన సవాలక్ష సందేహాలు వెలువడినది. దాని పేరే ఒక సిద్ధాంతము: వైద్యుఁడు చెప్పఁదలఁచినదానితోఁ గాక, స్త్రీ యడుగు సందేహముతో నధ్యాయము మొదలగును. అంతకు ముందు వచ్చిన గృహవైద్యపుస్తకములలోఁ బెక్కింటిని జదివినచోఁ దల్లిని మందలించు స్వరము వినఁబడును. అజ్ఞానము, మూఢత్వము అను మాటలు పుటపుటకును దగులును. తిట్టు విన్న తల్లి తరువాతి వాక్యము వినదు. నా మట్టుకు భాషాకాఠిన్యముకంటె నిదియే పెద్దదోష మని తోఁచును.

మంచి వాక్యములు కొన్ని పల్లెనుండియే వచ్చినవి. న్యుమోనియాను దెలిసికొనుటకు ఆరోగ్యకార్యకర్త శ్వాసలను లెక్కించును: నిమిషమునకు రెండు మొదలు పండ్రెండు నెలల బిడ్డకు 50, ఆపైన నైదేండ్లలోపు వానికి 40 దాఁటిన నపాయము. గడియారము లేని తల్లికి ఈ లెక్క పనికిరాదు. కాని డొక్కలెగరేయుట యను మాట తెలుఁగుసీమ యంతటను గలదు. శ్వాసకోశవ్యాధి యను నాఱక్షరముల సమాసము చేయలేని పనిని ఆ మాట చేయును. ఏలయన నది రోగమునకుఁ బేరు గాదు, కన్నులకుఁ గనఁబడునది. ముర్రుపాలు అట్టిదే. తొలిపాలను బిండి పాఱఁబోయు నాచారము మన సీమలో విస్తారముగా నుండెను. ఈనిన పశువు ముర్రుపాలు తాఁగనిచో దూడ నిలువదని యెఱిఁగిన యింటివారికి, స్తన్యమహిమను గూర్చిన పుటకంటె ఆ యొక్క మాట యెక్కువ చెప్పినది.

తట్టు సంగతి సున్నితమైనది. అమ్మవారు పోసినదని చెప్పు నింటిలో మందు పేరెత్తుట యపచారముగా నెంచఁబడుచుండెను. మశూచి మన దేశమున 1975తో నంతరించినది, తట్టు అంతరింపలేదు. తల్లి కొలువును దప్పుపట్టుచు వ్రాసిన వాక్యము వ్యర్థము. వేప పెట్టనిండు, పోచమ్మకు మ్రొక్కనిండు. తొమ్మిదవ నెల నిండఁగానే టీకా వేయింపుఁడు, తట్టు వచ్చిన బిడ్డకుఁ బాలును దిండియు మానకుఁడు అని చెప్పినచోఁ దల్లికిఁ దన దేవతకును బిడ్డకును నడుమ నేరుకొనవలసిన కష్టము కలుగదు.

ఇటీవలి కాలమున అక్షరము లేని పొత్తము లొకటిరెండు పుట్టినవి. బిడ్డ జబ్బకుఁ జుట్టు పట్టీ యందు మూఁడు రంగులుండును, 11.5 సెంటీమీటర్లకుఁ దక్కువైన నెఱుపు, 12.5 వఱకుఁ బసుపు, ఆపైన నాకుపచ్చ. దీనిని జదువుటకు బడి యక్కఱలేదు. తల్లీబిడ్డల రక్షణకార్డులోని పెరుగుదలపటమును రంగులతోనే గీయఁబడినది. ఆ కార్డునందు బొమ్మల ప్రక్కనుండు వాక్యములు మాత్రము నేఁటికిని బడిభాషకే చేరువ.

కరీంనగరమున నిప్పుడు ప్రశ్నయే మాఱినది. 2019-21 జాతీయ కుటుంబారోగ్యసర్వే ప్రకారము తెలంగాణమునఁ గాన్పులలో నూటికి 60కి పైఁగా శస్త్రచికిత్సతో జరుగుచున్నవి. కరీంనగరము జిల్లాలో 80కి పైఁగా. పూర్వము దవాఖానాకు రమ్మని తల్లికి వ్రాయవలసివచ్చెను. ఇప్పుడు వచ్చిన తల్లికిఁ గోఁత యెప్పుడవసరమో, ఎప్పుడు కాదో, ముహూర్తమునకుఁ గోయించుకొనుట వలన బిడ్డ కేమగునో తెలుపవలసియున్నది. ఇట్టి పుస్తకము వ్రాయుట బేదులమందు వ్రాయుటకంటెఁ గష్టము. ఇచ్చట నడ్డమైనది తల్లి యజ్ఞానము గాదు గనుక.

గోదావరి కావలిగట్టున మాత్రము పాత ప్రశ్నయే యున్నది. 2011 జనగణనలో ఆదిలాబాదు జిల్లా యక్షరాస్యత నూటికి 61. నార్నూరు సీమలోని గుంజాలలో గోండీ వ్రాఁతప్రతులు బయల్పడినవి. జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారి కృషిచే ఆ లిపికి 2018లో యూనికోడునందు స్థానము లభించినది. ఆదిలాబాదు ఆకాశవాణి గోండీలోఁ గార్యక్రమములను వినిపించినది. కాని ఉట్నూరు కొండలలో బిడ్డ పెయ్యి కాలిన రాత్రి, తెలుఁగున నచ్చొత్తిన కార్డును జేతఁబట్టుకొని దానిని గోండీలోనో కొలామీలోనో చెప్పునది ఆ యూరి ఆశాకార్యకర్తయే. అతిసారమునకును, ఆయాసమునకును ఆమె యప్పటికప్పుడు ఎన్నుకొను మాటలను బ్రోవు చేయుట మన పరిషత్తువంటి సంఘములు చేయఁదగిన పని. అందులకు వలయునది తాళపత్రములు గావు, ఒక వానకాలము ఆమె వెంటఁ దిరుగు నోపిక.